నలభై నిమిషాల గుండె

నా భార్య మొదటిసారి పడిపోయింది బడి వరండాలో. రెండోసారి మా వంటింట్లో. రెండుసార్లూ మధ్యాహ్నం రెండు దాటాకే. మొదటిసారి ఎండదెబ్బ అన్నారు. రెండోసారి నీరసం అన్నారు. గుంటూరులో గుండె డాక్టరు మాత్రం ఆ రెండు మాటలూ అనలేదు.

"గుండె ఉన్నట్టుండి కొన్ని సెకన్లు ఆగి మళ్ళీ కొట్టుకుంటోందేమోనని నా అనుమానం. అనుమానం మీద నేను ఏమీ చెయ్యలేను. ఆగినప్పుడు పట్టుకోవాలి," అన్నాడాయన.

పట్టుకోవడానికి ఆమె ఛాతీ మీద అగ్గిపెట్టెలో సగం ఉండే బిళ్ళ ఒకటి అంటించారు. దానికి జతగా సబ్బుబిళ్ళంత పెట్టె ఒకటి ఇచ్చారు. బిళ్ళ గుండె కొట్టుకోవడాన్ని గీతగా మార్చి సబ్బుపెట్టెకు అందిస్తుంది. సబ్బుపెట్టె ఆ గీతను మా ఇంటి వైఫై మీదుగా ఆస్పత్రికి పంపుతుంది. అక్కడ ఒక సిస్టరు చూస్తూ ఉంటుంది. పద్నాలుగు రోజులు ఇలా నడవాలి. ఆస్పత్రిలోనే ఉంచుకోమంటే డాక్టరు ఒప్పుకోలేదు. మంచం మీద పడుకోబెడితే ఏమీ దొరకదు, ఇంట్లో మామూలుగా తిరిగితేనే దొరుకుతుంది అన్నాడు.

నేనూ చూసుకోవడానికి నా ఫోనుకు ఒక లింకు పంపారు. అది నొక్కితే సిస్టరుకు కనిపించే గీతే నాకూ కనిపిస్తుంది. గీత కింద, మూలన, ఆ గుండె ఏ సమయంలో కొట్టుకున్నదో గంటలు నిమిషాలతో సహా ఉంటుంది.

బయలుదేరే ముందు సిస్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "అంకుల్, గీత ఆగిపోతే కంగారుపడొద్దు. అది నెట్ ప్రాబ్లం. గీత పడుకుంటేనే కంగారుపడాలి."

"పడుకోవడమంటే ఏంటమ్మా?"

"నడుస్తానే ఉంటది, కానీ పైకి ఎగరదు. సాపుగా పోద్ది. అట్లా కనపడితే వెంటనే నాకు ఫోన్ చెయ్యండి."

ఆగడం వేరు, పడుకోవడం వేరు. కారులో తిరిగి వస్తూ ఈ ముక్క నాలో నేను ఎన్నిసార్లు అనుకున్నానో. ఆగితే నెట్. పడుకుంటే గుండె.

నేను పదో తరగతితో చదువు ఆపేసినవాణ్ణి. లెక్కలు ఎవరూ చెప్పకుండా నేర్చుకున్నాను. మార్టూరు దగ్గర గ్రానైటు పాలిషింగ్ యూనిట్లో పలకలు కొలవడం నా పని. పొడవు, వెడల్పు, చీలిక ఉన్నచోట తీసివేత, మిగిలినది చదరపు అడుగుల్లో. ఇరవై రెండేళ్ళుగా అదే చేస్తున్నాను. కొలిచిన దానికి నేను భయపడను. కొలవలేకపోయిన దానికి భయపడతాను. ఈ పద్నాలుగు రోజులూ నేను యూనిట్‌కూ, నా భార్య బడికీ సెలవు పెట్టాం.

మా ఊరు అద్దంకి రోడ్డు పక్కన. మా వీధికి ఇంకా నెట్ కేబుల్ రాలేదు. సిమ్ కార్డు వేసి నడిపే వైఫై డబ్బా పెట్టుకున్నాం. అది పడకగది కిటికీలో ఉంటుంది. ఎందుకంటే మిరప చేల అవతల ఉన్న టవరు ఆ కిటికీలోంచే కనిపిస్తుంది. చలికాలంలో డబ్బా బిగించిన రోజు ఇల్లంతా తిప్పి చూసి, అంకె అన్నిటికంటే బాగా వచ్చిన చోట పెట్టాను.

మొదటి రోజు పొద్దున గీత చక్కగా నడిచింది. చిన్న మెట్టు, పెద్ద ఎగురు, మళ్ళీ చిన్న మెట్టు. మూలన సమయమూ గోడ గడియారమూ ఒకటే. నా భార్య నా భుజం మీదుగా చూసి, "నేను అంత సన్నగా ఉన్నానా లోపల," అంది.

పదకొండు దాటాక గీత ఆగింది. ఆగింది కదా, నెట్, అనుకున్నాను. కదిలింది. మళ్ళీ ఆగింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆమె పడుకుంది. నేను మంచం పక్కన కుర్చీ వేసుకుని ఫోను చూస్తున్నాను. గీత నడుస్తోంది కాబట్టి ధైర్యంగానే ఉన్నాను. అప్పుడు మూలన ఉన్న సమయం చూశాను. పదకొండూ నలభై. తలెత్తి గోడ గడియారం చూశాను. ఒంటిగంట.

నేను చూస్తున్నది గంటా ఇరవై నిమిషాల కిందటి గుండె. ఇక్కడ ఆమె నిద్రపోతోంది. తెరమీద ఆమె ఇంకా వంటింట్లో దోసకాయ తరుగుతోంది. ఇప్పుడు, ఈ నిమిషంలో, ఆ బిళ్ళ కింద ఏం జరుగుతోందో తెలియాలంటే నేను ఇంకో గంటా ఇరవై నిమిషాలు ఆగాలి. అప్పటికి ఆ వెనకబాటు ఇంకా పెరుగుతుంది. ఫోను పక్కన పెట్టి ఆమె పైట కదులుతోందా లేదా అని చూస్తూ కూర్చున్నాను. ఫ్యాను గాలికి కూడా పైట కదులుతుంది. లేచి ఫ్యాను ఆపాను.

"ఉక్కపోస్తంటే ఫ్యాను ఆపుతారేంటండీ," అంది ఆమె కళ్ళు తెరవకుండానే. మళ్ళీ వేశాను.

నాలుగో రోజు సిస్టరు ఫోన్ చేసింది. "అంకుల్, ఆంటీగారిది పొద్దున, రాత్రి బాగా వస్తోంది. మధ్యాహ్నం రెండు తర్వాత మాత్రం ముక్కలు ముక్కలుగా ఉంది. మధ్యలో లేనేలేదు."

"లేట్‌గా వస్తందమ్మా. సాయంత్రానికి వచ్చేస్తది కదా?"

"రాదండి. ఆ పెట్టె రెండు గంటల గీతే దాచుకోగలదు. అంతకంటే ఎక్కువైతే పాతది చెరిగిపోద్ది. డాక్టరుగారికి కావాల్సింది మధ్యాహ్నాలే కదా అంకుల్."

ఫోన్ పెట్టేసి కాగితం తీసుకున్నాను. లెక్క పెద్దదేమీ కాదు. గంట గీత పంపడానికి మా నెట్‌కు మూడు గంటలు పడుతోంది. అంటే గంటకు ఇరవై నిమిషాల గీత పోతుంది, నలభై నిమిషాలది మిగిలిపోతుంది. పదకొండుకు మొదలైతే పన్నెండుకు నలభై, ఒంటిగంటకు ఎనభై, రెండింటికి నూట ఇరవై. నూట ఇరవై నిమిషాలంటే రెండు గంటలు. పెట్టె సరిగ్గా రెండింటికి నిండిపోతుంది. ఆ తర్వాత గంటకు నలభై నిమిషాల గుండె ఎవరికీ తెలియకుండా చెరిగిపోతుంది.

ఆమె రెండుసార్లూ పడిపోయింది రెండు తర్వాతే.

లెక్క సరిపోయినప్పుడు నాకు ఎప్పుడూ ఒక సుఖం ఉంటుంది. ఆ రోజు మాత్రం లేదు.

ఇంకా పది రోజులున్నాయి. డబ్బా ఆపి మళ్ళీ వేశాను. సిమ్ తీసి తుడిచి పెట్టాను. ఇంట్లో ఉన్న మిగతా ఫోన్లన్నీ వైఫై నుంచి తప్పించాను. గురువారం మా ఇంట్లో స్త్రీల ప్రార్థన కూడిక జరుగుతుంది. వచ్చిన వాళ్ళ ఫోన్లు కూడా మా వైఫైకి అలవాటు పడి ఉన్నాయేమోనని పాస్‌వర్డు మార్చాను. నా ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి సబ్బుపెట్టెను దానికి కలిపి చూశాను. ఆ గదిలో అదీ అంతే నత్తనడక. రెండూ ఒకే టవరువి కాబట్టి తప్పు టవరుదే అని తేల్చుకున్నాను. అక్కడ తొందరపడ్డాను.

డబ్బాకు ఫోనులో తెరుచుకునే పేజీ ఒకటి ఉంటుంది. అందులో సిగ్నల్ ఎంత ఉందో అంకెల్లో చూపిస్తుంది. అంకెకు ముందు మైనస్ ఉంటుంది. పొద్దున మైనస్ ఎనభై ఏడు. మధ్యాహ్నం మైనస్ నూట పన్నెండు దాకా పోతోంది. పావుగంటకోసారి ఆ అంకె చూసి నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను.

ఎదురింటి రైతు నా చిన్ననాటి స్నేహితుడు. నేను అరుగు మీద కూర్చుని రాస్తుంటే వచ్చి పక్కన కూలబడ్డాడు.

"ఏరా, ఎండలో కూర్చుని ఏం రాస్తన్నావురా?"

"సిగ్నల్ రాస్తన్నా."

"ఎంతుందేంటి?"

"నూట పన్నెండు."

"పొద్దున ఎనభై ఏడని రాశావుగా. పెరిగిందిగా, ఇంకేంటి?"

"మైనస్ రా. అంకె పెరిగిందంటే సిగ్నల్ తగ్గినట్టు."

వాడు నోటుబుక్కులోకి తొంగిచూసి, "ఎంత పెరిగితే అంత చెడ్డదా? అయితే అది నెట్ కాదురా, నా షుగరు," అన్నాడు. నేను నవ్వలేదు. వాడు గొంతు తగ్గించి, "చెల్లెమ్మకి ఎట్లా ఉంది?" అని అడిగాడు. నా భార్యను వాడు చెల్లెమ్మ అనే పిలుస్తాడు.

చెప్పాను. లెక్క కూడా చెప్పాను. వాడు లేచి మా ముందుగది గుమ్మంలోంచి లోపలికి చూశాడు. ఆ గది నిండా పత్తి ఉంది. మా బావమరిది ఇంట్లో చోటు చాలక మా ఇంట్లో పోశాడు. గడపనుంచి కిటికీ అంచు దాకా తెల్లగా.

"ముందు ఆ పత్తి తీయించెయ్‌రా. మనిషి అరిచినా వినపడదు ఆ గదిలో. సిగ్నల్ ఎట్లా వస్తది?"

"పత్తి పొద్దున్నా ఉంటంది, మధ్యాహ్నమూ ఉంటంది. పొద్దున సిగ్నల్ బాగానే ఉంటంది కదా. మారనిదాన్ని ఎట్లా తప్పు పట్టను?"

"అయితే టవరే. మధ్యాహ్నమంతా ఊరు ఊరంతా ఇళ్ళల్లో పడుకుని ఫోన్లు చూస్తంటే ఇంకేముంటది."

అదే నిజమైతే నా చేతిలో ఏమీ లేదు. ఊరందరినీ ఫోన్లు మూసెయ్యమని చెప్పలేను. ఆ మాటకు నాకు భయం వేసింది, ఎందుకంటే అది నిజంలాగానే ఉంది.

ఎండలు ఆ ఏడాది ముందే ముదిరాయి. ఆమెకు వేడి తగలనివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మధ్యాహ్నం కరెంటు పోతే మా ఇన్వర్టరు ఫ్యాన్లనూ డబ్బానూ లాగుతుంది కానీ కూలరును లాగలేదు. అందుకని మా వైపు అందరూ చేసినట్టే పడకగది కిటికీకి గోనెపట్టాలు కట్టాను. అందరూ ఒక పొర కడతారు. నేను రెండు పొరలు కట్టాను. ఆమెకూ చల్లగా ఉంటుంది, కిటికీలో ఉన్న డబ్బా కూడా వేడెక్కకుండా ఉంటుంది. పదకొండుకు, పన్నెండున్నరకు, రెండింటికి, మూడున్నరకు బాల్చీతో నీళ్ళు తెచ్చి పైనుంచి కింద దాకా తడిపేవాణ్ణి. మొదటి వారం ఒక్కరోజు కూడా వేళ తప్పలేదు.

ఎనిమిదో రోజు రెండు కావొస్తుండగా కస్టమర్ కేర్‌కు మళ్ళీ ఫోన్ చేశాను. అప్పటికి అది ఆరోసారి. ఒకమ్మాయి పలికింది.

"సర్, మీ డౌన్‌లోడ్ స్పీడ్ ఇరవై రెండు చూపిస్తోంది. బాగానే ఉంది కదా సర్?"

"దిగేది కాదమ్మా. మా ఇంటి నుంచి పైకి ఎక్కేది. అది ఎక్కట్లేదు."

"వీడియోలు ఆగుతున్నాయా సర్?"

"వీడియోలు కాదమ్మా. మా ఆవిడ గుండె ఆగుతోంది."

అన్నాక నాకే తెలిసింది ఏమన్నానో. ఆ అమ్మాయి గొంతు మార్చి, లైన్లో ఉండండి సర్ అని చెప్పి, ఏవేవో నంబర్లు అడిగి, డబ్బా వెనకాల రాసినవి చదివించుకుని, గంటకు పైగా నన్ను వదల్లేదు. మాట్లాడుతూనే పావుగంటకోసారి అంకె రాస్తున్నాను. తొంభై తొమ్మిది. తొంభై ఆరు. తొంభై రెండు. ఎనభై తొమ్మిది.

"మా వైపు నుంచి రిఫ్రెష్ చేశాం సర్. ఇప్పుడు చూడండి."

"ఎనభై తొమ్మిదమ్మా. నీకు పుణ్యముంటుంది."

ఫోన్ పెట్టేసి లింకు చూశాను. గీత పరుగెత్తుతోంది. మూలన సమయం గడియారాన్ని అందుకోవడానికి గబగబా వస్తోంది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి నిండుగా పీల్చాను.

లోపలనుంచి ఆమె పిలిచింది. "ఏమండీ, ఇవాళ గోనెలు మర్చిపోయారా? వడగాలి మొహం మీద కొడతంది."

మూడూ పదికి బాల్చీ తెచ్చి బాగా తడిపాను. మూడుంబావుకు అంకె చూశాను. నూట పదకొండు.

మంచం అంచున కూర్చున్నాను. ఆ అమ్మాయి ఏం చేసిందో దాన్ని ఎవరో వెనక్కి తిప్పేశారు అనుకున్నాను. మళ్ళీ ఫోన్ చేస్తే వేరే అతను ఎత్తి, మీ ఏరియాలో ఏ సమస్యా లేదు సర్ అన్నాడు. ఇంకా ఆరు రోజులు. ఆరు మధ్యాహ్నాలు. ఆమె గుండె ఆగాలని నేను ఎదురుచూస్తున్నట్టా, ఆగకూడదని ఎదురుచూస్తున్నట్టా? ఆగితే పట్టుబడాలి. పట్టుబడకుండా ఆగితే, మూడోసారి ఆమె ఎక్కడ పడుతుందో. పొయ్యి దగ్గరో, రోడ్డు మీదో.

సాయంత్రం నోటుబుక్కులో అంకెలన్నీ ఒక పటంగా గీశాను. అడ్డంగా సమయం, నిలువుగా అంకె. ఎనిమిది రోజులవి కాదు, ఆఖరి నాలుగు రోజులవి. ఆమె టీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చుంది. మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి. దేన్నయినా బొమ్మగానే చూస్తుంది.

"ఇదేంటి, రంపం పళ్ళలాగా గీశారు?"

నిజంగానే రంపం పళ్ళు. నిట్టనిలువునా ఒక ఎక్కుడు, ఆపైన మెల్లగా దిగుడు. మళ్ళీ నిట్టనిలువునా ఎక్కుడు. నేను అంకెలు చూశాను కానీ ఆకారం చూడలేదు. పంటికీ పంటికీ మధ్య దూరం కొలిచాను. గంటన్నర. తర్వాతది గంటన్నర. ప్రతిదీ గంటన్నరే. ఒక్క ఇవాళ్టిదే తేడా.

"గంటన్నరకోసారి టవరు దగ్గర ఏం జరుగుతుంది?" అన్నాను, ఆమెతో కాదు, నాతోనే.

"టవరు సంగతి నాకేం తెలుసు. మనింట్లో గంటన్నరకోసారి జరిగేది ఒకటే. మీరు బాల్చీ పట్టుకుని గదిలోకి రావడం. నిద్దర పట్టేసరికి మొహం మీద నాలుగు చుక్కలు పడతాయి."

ఆమె నవ్వుతూనే అంది. గ్లాసు పట్టుకుని లేచి వెళ్ళిపోయింది. నేను ఆ పటం వైపు చూస్తూ కూర్చున్నాను. పదకొండు, పన్నెండున్నర, రెండు, మూడున్నర. ప్రతి పన్నూ ఆ నాలుగు చోట్లే నిలబడి ఉంది. ఇవాళ రెండింటికి ఫోన్‌లో ఉండి తడపలేదు. ఇవాళ ఆ పన్ను లేదు. ఆ అమ్మాయి ఏమీ చెయ్యలేదు. గోనెలు ఆరాయి, అంతే.

అయినా నమ్మలేదు. మర్నాడు పొద్దున ఏడింటికి, ఎండ లేనప్పుడు, ఊళ్ళో ఫోన్లు పెద్దగా చూడనప్పుడు, అంకె చూశాను. ఎనభై ఏడు. గోనెలు తడిపాను. నూట పది. పక్కకు తీశాను. ఎనభై ఏడు. మళ్ళీ వేశాను. నూట తొమ్మిది. మూడుసార్లు చేశాను. గ్రానైటు పలకలో కంటికి కనపడని చీలికను పట్టడానికి మేం చేసేది కూడా నీళ్ళు పొయ్యడమే. పలక ఆరిపోయినా చీలిక తడిగా నల్లగా మిగులుతుంది. నీళ్ళు ఏదైనా చూపిస్తాయనే నాకు తెలుసు. నీళ్ళు దాచిపెడతాయని తెలియదు. టవరుకూ డబ్బాకూ మధ్య రెండు పొరల తడిగోడ కట్టింది నేను. గడియారం చూసుకుని, వేళ తప్పకుండా, ఆమె మీద ప్రేమతో కట్టాను. ఎనిమిది మధ్యాహ్నాల గుండెను ఆ గోనెల్లో నేనే ముంచాను.

ఎదురింటి వాణ్ణి పిలిచి చెప్పాను. వాడు గోనె పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

"ఇది మా తాత కాలంనుంచీ కడతన్నాం కదరా."

"మీ తాతకి వైఫై లేదుగా."

"అదీ నిజమే. ఇప్పుడేం చేద్దాం? తీసేస్తే చెల్లెమ్మకి ఎండ."

గోనెలు ఉండాలి, డబ్బా అక్కడ ఉండకూడదు. టవరు వైపుకు మా ఇంట్లో ఇంకొక్క కిటికీయే ఉంది. ముందుగదిలో, పత్తి వెనక. వాడూ నేనూ పత్తిని రెండు చేతులా వెనక్కి నెట్టుకుంటూ కిటికీ దాకా దారి చేశాం. వేడెక్కే వస్తువును పత్తి దగ్గర పెట్టడానికి నాకు మనసు ఒప్పలేదు. కిటికీ చుట్టూ మూరెడు మేర ఖాళీ చేసి, యూనిట్ నుంచి తెచ్చుకున్న గ్రానైటు ముక్క ఒకటి గట్టు మీద వేసి, దాని మీద పెట్టాను. ఎనభై ఎనిమిది. ఇంత పత్తి మధ్యలోంచి ఎనభై ఎనిమిది.

"పొడి పత్తి ఏమీ అనదన్నమాట," అన్నాడు వాడు, ఒంటి నిండా దూదితో. "నేను దాన్ని ఊరికే తిట్టాను."

ఆ మధ్యాహ్నం పదకొండుకు తడిపాను. అంకె కదల్లేదు. పన్నెండున్నరకు తడిపాను. కదల్లేదు. ఒంటిగంటకు గోడ గడియారం చూసి తెర చూశాను. మూలన ఒంటిగంటే ఉంది. అప్పుడు ఇంకో రకం భయం మొదలైంది. ఇన్నాళ్ళూ గీత ఆగినప్పుడల్లా నెట్ అనుకునే వీలుండేది. ఇప్పుడు ఆ వీలు లేదు. ఇప్పుడు తెరమీద ఏం జరిగినా అది నిజం, అది ఇప్పుడే.

ఆ రోజు ఏమీ జరగలేదు. మర్నాడూ ఏమీ జరగలేదు. మధ్యాహ్నాలు పూర్తిగా వస్తున్నాయని సిస్టరు చెప్పింది. నా భార్య నన్ను విసుక్కోవడం మొదలుపెట్టింది. "ఎప్పుడు చూసినా ఆ ఫోనే. ఎదురుగా నేనుండగా నా ఫోటో చూసుకున్నట్టు ఉంది."

పదకొండో రోజు రెండు దాటింది. ఆమె గోడకు ఆనుకుని మంచం మీద కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది. బడిలో ఎవరో పిల్లవాడు ఎక్కాలు తప్పు చదివిన సంగతి చెబుతోంది. నేను ఫోను వైపు ఒక కన్ను వేసి ఊ కొడుతున్నాను.

మాట మధ్యలో ఆగింది. తలెత్తాను. చేతిలో చింతపండు అలాగే ఉంది, తల గోడకు వాలింది. కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి. తెర చూశాను.

గీత ఆగలేదు. నడుస్తోంది. పడుకుని నడుస్తోంది.

మూలన రెండూ నలభై ఒకటి. గోడ మీద రెండూ నలభై ఒకటి. నేను లెక్కపెట్టాను. నాకు తెలిసిన పని అది ఒక్కటే. ఒకటి. గీత సాపుగా ఉంది. రెండు. మూడు. నెట్ అయితే బాగుండు అనుకున్నాను. వారం రోజులు ఆ నెట్ కోసం అందరి కాళ్ళూ పట్టుకున్నవాణ్ణి, ఆ క్షణంలో అది చెడిపోయి ఉండాలని మొక్కుకున్నాను. నాలుగు. ఆమె భుజం పట్టుకుని కదిపాను. ఐదు.

గీత ఎగిరింది. ఒకసారి, కాస్త ఆగి ఇంకోసారి, తర్వాత వరసగా.

"…ఏడేళ్ళు నలభై రెండంట," అంది ఆమె. కళ్ళు తెరిచి నన్ను చూసింది. "ఏంటండీ, అట్లా పట్టుకున్నారు?"

ఏం జరిగిందో ఆమెకు తెలియదు. మాట ఎక్కడ ఆగిందో అక్కడినుంచే అందుకుంది. నా చేతిలో ఫోను మోగింది. నేను చెయ్యకముందే సిస్టరు చేసింది.

"అంకుల్, ఆంటీగారు ఎట్లా ఉన్నారు? మాట్లాడతన్నారా?"

"మాట్లాడతందమ్మా. నువ్వు చూశావా?"

"చూశాను. ఐదు సెకన్ల పైనే ఉంది. డాక్టరుగారు వెంటనే తీసుకొచ్చెయ్యమన్నారు. నడిపించొద్దు. ఒక్కళ్ళనే వదలొద్దు."

ఎదురింటి వాడు పది నిమిషాల్లో కారు తెచ్చాడు. అన్నయ్యా, నేను నడవగలను అని ఆమె అంటున్నా వినకుండా కుర్చీలో కూర్చోబెట్టి, కారు దాకా మోసి, వెనక సీట్లోకి ఎక్కించాం. రెండు రోజుల తర్వాత గుంటూరులో ఆమెకు పేస్‌మేకర్ పెట్టారు. ఎండాకాలం సెలవులయ్యాక మళ్ళీ బడికి వెళ్ళింది. అదంతా తర్వాతి సంగతి. ఆ రోజుల్ని తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ ప్రయాణం.

సబ్బుపెట్టెను నా ఫోను హాట్‌స్పాట్‌కు కలిపి ఒళ్ళో పెట్టుకున్నాను. మార్టూరు దాకా గీత కనిపించింది. హైవే ఎక్కాక ఆగడం మొదలైంది. రెండు కిలోమీటర్లు నడుస్తుంది, ఆగుతుంది. ఆగితే నెట్, కంగారుపడొద్దు. తెలుసు. అయినా ఆగిన ప్రతిసారీ అదే పని. తెర చూడటం, ఆమె మొహం చూడటం, మళ్ళీ తెర. ఇక నావల్ల కాలేదు. ఫోను పక్కన పడేసి ఆమె మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టాను.

దొరికింది. వేలి కింద చిన్నగా, మెత్తగా. ఎంచడం మొదలుపెట్టాను. పైకి వినిపించేలాగానే ఎంచుతున్నానని నాకు తెలియలేదు.

"ఏందిరా, మంత్రాలు చదువుతన్నావా?" అన్నాడు ముందునుంచి వాడు.

"నోరు ముయ్యరా. తప్పుతంది."

చిలకలూరిపేట దగ్గర లారీ అడ్డమొచ్చి వాడు గట్టిగా బ్రేకు వేశాడు. వేళ్ళు జారిపోయాయి. మళ్ళీ మణికట్టు వెతికి పట్టుకునేసరికి లెక్క తప్పింది. రెండు వందల పదో, పదకొండో. పోయింది. మళ్ళీ ఒకటి అన్నాను.

నా భార్య కళ్ళు మూసుకునే ఉంది. రెండో చేత్తో నా వేళ్ళను పట్టుకుని, కాస్త పైకి, నాడి బాగా అందే చోటికి జరిపింది.

"మొదట్నుంచి ఎందుకండీ," అంది. "ఉన్నకాడ్నుంచి ఎంచండి."

రెండు వందల పన్నెండు, అన్నాను.